మహేంద్రగిరి నుంచి బారువ దాకా నాలుగు మట్టి పలకల్లో

మందస పొలాల్లో నిలబడితే ఒక చూపులో మహేంద్రగిరి, మరో చూపులో ఉద్దానం కొబ్బరితోటలు. కొండల్లో పుట్టిన మహేంద్రతనయ బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈ దారినంతా నాలుగు గోడ పలకల మీద ఉబ్బెత్తు శిల్పంగా ఎలా తేవాలో ఇక్కడ చెబుతున్నాం: కొండ, పొలాల మధ్య గెడ్డ (ఏరు), ఉద్దానం తోటలు, ఒడ్డు. పలక కాలిన తర్వాత 20 సెంటీమీటర్ల చదరం. సారె పని అవసరం లేదు. మట్టిని చేత్తో పరిచి, అతికించి, చెక్కితే చాలు. సారె మీద చెయ్యి తిరగనివాళ్లూ చేయొచ్చు.

మొదలుపెట్టే ముందు ఒక మాట. స్థానిక మట్టి, స్థానిక రాయి దుకాణంలో కొన్న పొడిలాంటివి కావు. ఒక చెరువు మట్టిలో సున్నపు గుళికలుంటాయి, పక్క ఊరి మట్టిలో ఉండవు. ఒకే గట్టు మీది ఎర్రమట్టి కూడా పది గజాలు జరిగితే రంగు మారుతుంది. అందుకే కింద ఇచ్చిన పాళ్లన్నీ ఆరంభానికే. ముందు చిన్న ముక్కల మీద కాల్చి చూడనిదే ఏదీ పలక మీదకు ఎక్కించొద్దు. మట్టి సేకరణ నుంచి గోడకెక్కే దాకా రెండు నెలలు పడుతుంది. అందులో సగం కాలం పరీక్షలకూ ఆరబెట్టడానికీ పోతుంది. తొందరపడితే నష్టపోయేది ఆ రెండు చోట్లే.

మట్టి

చెరువులు ఎండే ఏప్రిల్, మే నెలల్లో మట్టి తీయడం సులువు. పై అడుగు మట్టిలో వేర్లు, పేడ, నత్తగుల్లలు ఉంటాయి కాబట్టి దాన్ని పక్కకు లాగి కింద జిగటగా ఉన్నది తీసుకోవాలి. పంచాయతీ అనుమతి తప్పనిసరి. అంతకన్నా మంచి దారి మీ చుట్టుపక్కల కుమ్మరివారిని అడగడం. ఏ చెరువు మట్టి కుండకు నిలుస్తుంది, ఏది ఎండలో పగులుతుంది అన్నది వాళ్లకు తరాలుగా తెలుసు. రెండు బస్తాలు వాళ్ల దగ్గరే కొంటే నెల రోజుల వెతుకులాట తప్పుతుంది.

కొన్నా తవ్వినా నాలుగు పరీక్షలు చేయాలి. తడిపిన మట్టిని పెన్సిలు మందం తాడుగా చేసి వేలికి చుట్టండి. పగలకుండా చుట్టుకుంటే జిగట సరిపోయినట్టు. నెర్రెలిస్తే ఇసుక ఎక్కువైందని అర్థం, ఇంకాస్త జిగట మట్టి కలపాలి. రెండోది సున్నం. ఎండిన గడ్డ మీద బాత్‌రూం కడిగే యాసిడ్ నాలుగు చుక్కలు వేయండి, చేతికి తొడుగు వేసుకుని, ఆరుబయట. బుసబుస పొంగితే సున్నం ఉంది. సున్నపు గుళిక కాలినప్పుడు కాల్చిన సున్నమవుతుంది, తర్వాత గాలిలోని తేమ పీల్చి ఉబ్బుతుంది. కాల్పు నుంచి బాగానే వచ్చిన పలక వారం తర్వాత గోడ మీద పెచ్చులూడడానికి కారణం అదే. 60 నంబరు (అంగుళానికి 60 కన్నాల) జల్లెడలో పట్టిన మట్టితో ఈ ప్రమాదం దాదాపు పోతుంది.

మూడోది కుదింపు. 14 సెంటీమీటర్ల పొడవు, ఒక సెంటీమీటరు మందం పట్టీ చేసి, దాని మీద సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీయండి. ఆరాక, కాలాక కొలవండి. కాలిన తర్వాత 9 సెంటీమీటర్లు ఉంటే మొత్తం కుదింపు పది శాతం. 20 సెంటీమీటర్ల పలక కావాలంటే పచ్చిగా 20ని 0.90తో భాగించాలి, అంటే 22.2 సెంటీమీటర్లు కోయాలి. నాలుగోది నీటి పీల్పు. కాల్చిన ముక్కను తూచి, రెండు గంటలు నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లలోనే రాత్రంతా ఉంచి, తుడిచి మళ్లీ తూచండి. 200 గ్రాముల ముక్క 226 అయితే 13 శాతం పీల్చినట్టు. చెరువు మట్టికి ఇది మామూలే. గోడకు బిగించేటప్పుడు ఈ అంకె అవసరమవుతుంది.

పట్టీలను తుది కాల్పు వేడిమిలోనే, అంటే 1020 డిగ్రీల దగ్గర కాల్చాలి. మన ఎర్రని చెరువు మట్టిలో ఇనుము ఎక్కువ. 1100 దాటితే చాలా మట్టులు ఉబ్బడమో వంగడమో మొదలుపెడతాయి. స్టోన్‌వేర్ (ఇంకా ఎక్కువ వేడిలో రాయిలా గట్టిపడేలా కాల్చే సామాను) వేడిమికి ఈ మట్టిని తీసుకెళ్లే ఆలోచన మానుకోవడమే మేలు.

నాలుగు పలకలకు 12 కిలోల తడిమట్టి తయారుచేసుకోండి. వాడకం తొమ్మిది కిలోల దాకా ఉంటుంది, మిగిలింది పరీక్ష ముక్కలకూ మరమ్మతుకూ. ఎండిన గడ్డల్ని ముందు బకెట్లో మూడు నాలుగు రెట్ల నీళ్లు పోసి కదపకుండా రెండు రోజులు నాననివ్వండి. పూర్తిగా ఎండిన గడ్డ దానంతటదే విరిగి కరుగుతుంది, సగం తడిది అలాగే ముద్దగా ఉండిపోతుంది. తర్వాత కలిపి 60 నంబరు జల్లెడలో పోసి, తేరాక పైనీళ్లు వంపేయండి. సోంపేట, సంతబొమ్మాళి వైపు సముద్రానికి దగ్గరి మట్టి అయితే ఇలా మూడుసార్లు కొత్త నీళ్లు పోసి వంపాలి. మట్టిలోని ఉప్పు పోకపోతే ఆరేటప్పుడు నీటితో పాటు పైకి వచ్చి, కాలాక తెల్లని మరకలై కూర్చుంటుంది. చిక్కబడినదాన్ని పాత నూలు చీరలో మూటగట్టి వేలాడదీయండి.

మిశ్రమం ఎండు బరువు లెక్కన ఇది: జల్లించిన చెరువు మట్టి 6.5 కిలోలు, పెంకుపొడి 2 కిలోలు, సన్నని ఏటి ఇసుక 700 గ్రాములు. పెంకుపొడి అంటే పాత ఇంటి పెంకులో, పగిలిన కుండలో దంచి 30 నంబరు జల్లెడలో పట్టింది. దుమ్ములాంటి మెత్తని పొడిని పారేసి గరుకుది ఉంచుకోవాలి. ఒకసారి కాలిన పెంకు మళ్లీ కుదించుకుపోదు. మందపు పలక లోపలి తేమ బయటకు రావడానికి ఆ గరుకు గింజలే దారి ఇస్తాయి. ఇది తగ్గిస్తే పలక నాలుగు మూలలూ పైకి లేస్తాయి. శాలిహుండం, దంతపురం లాంటి పాత దిబ్బల మీద దొరికే పెంకులు మాత్రం ముట్టొద్దు. చరిత్ర చదవడానికి మనకు మిగిలిన అక్షరాలవి. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలూ అంతే, చూసి రావాలే గాని చేతి సంచీ నింపుకోకూడదు.

కలిపిన మట్టిని కాళ్లతో తొక్కి, చేత్తో పిసికి, తడిగుడ్డ కప్పి కనీసం పది రోజులు మాగనివ్వండి.

రంగు రాళ్లు, ఏవి పనికొస్తాయి

ఉత్తరాంధ్ర కొండల్లో ఎక్కువగా కనిపించేది ఖోండలైటు, ఈ కొండల్లో ఉండే కోంధుల పేరు మీద పెట్టిన రాయి. అందులోని గార్నెట్ ఎర్రగా, సిలిమనైట్ తెల్లని పుల్లలుగా కనిపిస్తాయి. అది చివికితే వచ్చే ఎర్రమట్టే మన కొండ రంగు. పొలం గట్టున, ఇంటి పునాది తవ్వినచోట దొరుకుతుంది, కొండను తవ్వక్కర్లేదు. నీళ్లలో కలిపి ఒక్క నిమిషం ఆగి పైది వంపుకుంటే గార్నెట్ గింజలు అడుగున మిగిలిపోతాయి. వంపుకున్నదాన్ని 100 నంబరు జల్లెడలో పట్టాలి.

మాంగనీసు గరివిడి, చీపురుపల్లి వైపు రాయి. అక్కడి కోడూరు గని పేరు మీదే ఒక రాతికి కోడూరైట్ అని పేరు వచ్చింది. ఇక్కడి ఖనిజంలో ఇనుము కూడా ఉంటుంది కాబట్టి ఒంటి నలుపు రాదు, గోధుమ కలిసిన నలుపు వస్తుంది. తడిసిన కొండరాతికి నిజానికి ఆ రంగే కావాలి. అయితే ఇందులో ప్రమాదముంది. మాంగనీసు దుమ్ము, కాల్పులో వచ్చే ఆవిరి ఏళ్ల తరబడి పీలిస్తే నరాల జబ్బు వస్తుంది, చేతులు వణుకుతాయి, నడక తడబడుతుంది. రాయి తెచ్చి ఇంట్లో దంచొద్దు. పొడిగానే కొనండి, ఎన్95 మాస్కు పెట్టుకుని తూచండి, వెంటనే నీళ్లలో కలిపేయండి. కాల్చేచోట మనుషులు పడుకోకూడదు. తినే గిన్నెల మీద అసలు వాడకూడదు.

టెక్కలి నీలి గ్రానైటు కోసేచోట బురద గుట్టలుగా పడి ఉంటుంది. ఫెల్‌స్పార్, పలుగురాయి అప్పటికే మెత్తగా నూరి ఉన్న సరుకు అది, గ్లేజుకు, అంటే కాల్పులో కరిగి గాజులా మెరిసే పూతకు, బాగా పనికొస్తుంది. అడిగి తెచ్చుకునేటప్పుడు కోత బురదే అడగండి, పాలిష్ బురద వద్దు. పాలిష్‌కు వాడే రాళ్లలో సిలికాన్ కార్బైడ్ ఉంటుంది. ఆ రేణువు గ్లేజు కరిగే సమయానికి వాయువు విడిచి ఉపరితలమంతా బొబ్బలెక్కిస్తుంది. కోత బురదలోనూ ఇనుప రజను ఉండొచ్చు. ఆరబెట్టి అయస్కాంతం తిప్పితే చాలావరకు వస్తుంది, మిగిలింది నల్లని చుక్కలుగా తేలుతుంది. చుక్కలు ఇష్టమైతే ఉంచుకోండి.

భావనపాడు, కళింగపట్నం తీరాల నల్ల ఇసుక చూస్తే ఎవరికైనా చెయ్యి ఊరుకోదు. తేవద్దు. ఇల్మనైట్, గార్నెట్, జిర్కాన్‌తో పాటు అందులో మోనజైట్ ఉంటుంది. దానిలో థోరియం ఉంది. అది అణు ఖనిజం, చట్టం దాని మీద కట్టడి పెట్టింది. నూరి దుమ్ము పీల్చడం ఇంకా చెడ్డది. నల్ల గింజలు కావాలంటే సిరామిక్ సామాను అమ్మేచోట ఇల్మనైట్ గింజలు దొరుకుతాయి, గ్లేజులో నూటికి ఒక పాలు చాలు.

పచ్చ మన మట్టిలో లేదు. వరిచేను రంగుకు రాగి ఆక్సైడ్ కొనుక్కోవాల్సిందే.

స్లిప్ పాళ్లు

స్లిప్ అంటే సగం ఆరిన పలక మీద పూసే పలచని మట్టి పూత. పాళ్లు ఎండు బరువులో:

కొండ ఎరుపుకు జల్లించిన ఎర్రమట్టి 60, చెరువు మట్టి 40.
తడిరాతి నలుపుకు చెరువు మట్టి 75, జేగురు (ఇనుము ఉన్న ఎర్రని మట్టి) 15, మాంగనీసు పొడి 10.
నురగ తెలుపుకు చైనా క్లే (తెల్లగా కాలే మట్టి) 40, బాల్ క్లే (జిగట ఎక్కువున్న తెల్లమట్టి) 30, పలుగురాయి పొడి 15, సీసం లేని బోరాక్స్ ఫ్రిట్ (ముందే కరిగించి నూరిన గాజు పొడి) 15.
ఒడ్డు ఇసుకకు పై తెలుపు 90, ఎర్రమట్టి 10. ఇది పసుపు కాదు, లేత గులాబీగా కాలుతుంది. బారువ ఒడ్డున పొద్దు పొడిచే వేళ ఇసుక రంగుకు దగ్గరగా ఉంటుంది.

ప్రతి 100 గ్రాములకు 80 నుంచి 90 మిల్లీలీటర్ల నీళ్లు. వేలు ముంచి తీస్తే చర్మం మీది గీతలు కనబడకూడదు, పూత కారి పోకూడదు. ఫ్రిట్ ఎందుకంటే, తెల్లమట్టి చెరువు మట్టికన్నా తక్కువ కుదించుకుపోతుంది. కింది పలక ముడుచుకుంటుంటే పై పూత ముడుచుకోక పొరలుగా లేస్తుంది. ఫ్రిట్ కొంచెం కరిగి దాన్ని కరిచిపట్టుకుంటుంది. పూర్తిగా ఆరిన పలక మీద ఈ తెలుపు పూస్తే ఫ్రిట్ ఉన్నా నిలవదు. గోరుతో గీస్తే గీత పడాలి, వేలితో నొక్కితే సొట్ట పడకూడదు. ఆ పదునులో పూయాలి.

కొండ శిఖరానికి మెరుపు కావాలంటే ఇంకో పూత ఉంది. ఒక కిలో జల్లించిన ఎర్రమట్టి ఎండు పొడి, రెండు లీటర్ల వాన నీళ్లు, నాలుగు గ్రాముల సోడియం సిలికేట్ గాజు సీసాలో బాగా కలిపి 20 గంటలు కదపకుండా ఉంచండి. అడుగున ముద్ద, దాని పైన చిక్కని ఎర్రనీళ్లు తేరతాయి. సన్నని గొట్టంతో ఆ ఎర్రనీళ్లే లాగి, అడుగు ముద్ద వదిలేయండి. 100 మిల్లీలీటర్లు తూచితే 113 నుంచి 115 గ్రాములుండాలి. తక్కువైతే వెడల్పు పళ్లెంలో పోసి కొంత ఆవిరి కానివ్వాలి. ఇది స్లిప్‌కు వ్యతిరేకం, ఎముకలా ఆరిన పలక మీదే పూయాలి. మెత్తని కుంచెతో మూడు పూతలు వేసి, చెమ్మ పోగానే పలచని ప్లాస్టిక్ కవరు వేలికి చుట్టి రుద్దితే మెరుస్తుంది. వేడిమి వెయ్యి దాటితే మెరుపు కొంత తగ్గుతుంది. చివర్లో తేనెమైనం రాస్తే తిరిగి వస్తుంది.

పలక కట్టడం

మట్టిని రెండు చెక్కపట్టీల మధ్య పరిచి 1.7 సెంటీమీటర్ల మందం రోల్ చేయండి. మధ్యలో రెండుసార్లు తిరగేసి, అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి రోల్ చేయాలి. ఒకే దిక్కుకు లాగిన మట్టి ఆ దిక్కుకే ఎక్కువ ముడుచుకుని చదరం చెడుతుంది. 22.2 సెంటీమీటర్లకు కోసి, నాలుగింటినీ పక్కపక్కన పెట్టి పచ్చిగానే మొత్తం బొమ్మ ఒకేసారి గీయండి. ఏరు ఒక పలక నుంచి ఇంకోదానికి దాటేచోట అతుకును అడ్డంగా కోసుకుని పోవాలి, అతుకు వెంబడి నడవకూడదు. కుదింపులో వచ్చే ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా అడ్డంగా పోయే గీతలో తెలియదు, వెంబడి పోయే గీతలో వంకరై కనిపిస్తుంది.

ఉబ్బెత్తు పలక మీద రెండున్నర సెంటీమీటర్లు మించొద్దు. అతికించేచోట రెండు ముఖాలూ ఫోర్కుతో గీరి, అదే మట్టి పలచన చేసి రాసి, నొక్కి కదపండి. పైపైన అద్దిన కొండ కాల్పులో ఊడి పడుతుంది. మహేంద్రగిరి కొండ మందంగా వస్తుంది కాబట్టి వెనకనుంచి తవ్వి, ఎక్కడా మందం రెండు సెంటీమీటర్లు దాటకుండా చూడండి. మిగతాచోట వెనక అర సెంటీమీటరు లోతు గాళ్లు గీస్తే అతికే సిమెంటుకు పట్టు దొరుకుతుంది.

గరుకుదనం మన ఊరివాటితోనే తీసుకోవచ్చు. కొబ్బరి పీచు అద్దితే తోట నేల, జీడాకు వెనకవైపు నొక్కితే ఈనెలు, మొగలి ఆకు అంచుతో గీస్తే ఒడ్డున అలల గీతలు. వరిపొట్టు నొక్కి వదిలేస్తే కాలి బూడిదై, చిన్న గుంటలతో కోసిన చేను కనిపిస్తుంది.

ఆరబెట్టడంలోనే ఎక్కువ పలకలు పోతాయి. అంచు ముందు ఆరుతుంది, నడుమ తర్వాత. అంచులకు పలచని ప్లాస్టిక్ పట్టీ చుట్టి, పైన పాత పేపర్లు కప్పి, జిప్సం బోర్డు మీద రెండు వారాలు ఉంచండి. రోజూ పేపరు మార్చాలి. సముద్రపు గాలి ఒక వైపునుంచే కొడుతుంది కాబట్టి ఆ కిటికీ మూసేయండి, లేదంటే ఆ వైపు అంచు లేస్తుంది. అక్టోబరు, నవంబరు తుఫాను రోజుల్లో మూడు వారాలైనా చాలకపోవచ్చు. చెంపకు ఆనిస్తే చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.

కాల్పు

మొదటి కాల్పు 950 డిగ్రీలకు. విద్యుత్ కొలిమి మూత కొంచెం తెరిచి 90 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు ఆపండి. పలకలోని నీరు ఆవిరయ్యేది ఇక్కడే, ఇక్కడ తొందరపడితే లోపల ఆవిరి పుట్టి పలక పేలుతుంది. అక్కడి నుంచి 300 దాకా గంటకు 60, 550 దాకా గంటకు 100. 550 నుంచి 620 దాకా గంటకు 50 మాత్రమే, ఎందుకంటే 573 దగ్గర పలుగురాయి ఉన్నట్టుండి ఉబ్బుతుంది, ఏటి ఇసుక కలిపాం కనుక మనకు ఆ దెబ్బ ఎక్కువ. ఆపైన గంటకు 120. 900 దగ్గర అరగంట ఆపితే మట్టిలోని చెత్త పూర్తిగా కాలిపోతుంది. కాలకపోతే పలక గుండెలో నల్లని పొర మిగిలి గ్లేజు కాల్పులో బుడగలుగా బయటపడుతుంది. దిగేటప్పుడూ 573 దగ్గర అదే ప్రమాదం, అందుకే కొలిమి వంద డిగ్రీల కిందికి దిగేదాకా తెరవొద్దు. మధ్యలో కరెంటు పోతే మూత ముట్టకండి. వచ్చాక కొలిమిలో ఎంత వేడి మిగిలిందో చూసి, ఆ దశకు చెప్పిన వేగంతోనే మళ్లీ ఎక్కించండి.

ఏటికీ చేనుకూ గ్లేజు: సీసం లేని బోరాక్స్ ఫ్రిట్ 176 గ్రాములు, చైనా క్లే 24, రాగి ఆక్సైడ్ 4, నీళ్లు 180 మిల్లీలీటర్లు. ఎర్రమట్టి మీద నేరుగా వేస్తే ఈ పచ్చ బురద రంగవుతుంది. పచ్చి దశలోనే ఆ చోట తెల్ల స్లిప్ పూసి ఉండాలి. రాళ్ల మీద నీటి మెరుపుకు ఫ్రిట్ 70, గ్రానైటు పొడి 20, చైనా క్లే 10. రెండో కాల్పు 1020. మాంగనీసు సుమారు 1080 దగ్గర ప్రాణవాయువు విడిచి గ్లేజును బొబ్బలెక్కిస్తుంది, అక్కడికి పోకపోవడమే మందు. గ్లేజు లేని కొండ పలకనూ రెండో కాల్పుకు ఎక్కించాలి. 950 దగ్గర ఆగిన పలక, 1020 చూసిన పలక ఒకే కొలతలో ఉండవు.

కొలిమి లేనివాళ్లు గ్లేజు వదిలేసి కుమ్మరి ఆములో (కుండలు కాల్చే బట్టీలో) కాల్చుకోవచ్చు. కుండల నడుమ పలకల్ని నిలువుగా ఒరగబెట్టాలి, పడుకోబెడితే పై బరువుకు విరుగుతాయి. నల్లరాయి కావాలంటే పలకను పాత బానలో పెట్టి చుట్టూ ఊక కూరి, మూత అంచు మట్టితో మెత్తాలి. లోపల గాలి లేక ఊక పొగ మట్టిలోకి దిగి మాంగనీసు లేకుండానే మంచి నలుపు వస్తుంది. ఇలా నల్లబడ్డ పలకను మళ్లీ గాలి తగిలేలా ఎర్రగా కాలిస్తే నలుపంతా పోతుంది కాబట్టి ఇదే ఆఖరి కాల్పు కావాలి. ఈ దారి పడితే నాలుగు పలకలూ ఆములోనే కాలాలి.

గోడకు

పలకల్ని పది నిమిషాలు నీళ్లలో నానబెట్టి, పైతడి తుడిచి, టైల్ అంటించే సిమెంటుతో పెట్టండి. 13 శాతం పీల్చే మట్టి పొడిగా ఉంటే సిమెంటులోని నీళ్లు తాగేసి పట్టు రానివ్వదు. పలకకూ పలకకూ మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉంచండి. తీరానికి దగ్గరి ఇంట్లో బయటి గోడ వద్దు. ఉప్పుగాలి రంధ్రాల్లోకి దూరి, ఎండకు ఉప్పు గట్టిపడి పొడి పొడిగా రాలుస్తుంది. లోపలి గోడ మీదైనా మొదటి వానాకాలంలో తెల్లని బూజులా ఉప్పు తేలితే పొడి బ్రష్‌తో దులపండి. తడిగుడ్డతో తుడిస్తే కరిగి మళ్లీ లోపలికే పోతుంది.